మళ్ళీ ఒకటో రోజు

గోడమీద పదమూడో గీత గీసి చాక్‌పీసు ఇంకా కింద పెట్టలేదు, వీధిలోకి మైకు బండి వచ్చింది.

"మీ వీధిలో ఇవాళ మరో కేసు నమోదైంది. ఎవరూ భయపడవద్దు," అంది మైకు. ఆ గొంతుకే భయపడి మేడల మీది పావురాలన్నీ లేచి పక్క ఊరికి కాపురం మార్చేశాయి.

కబుర్ల బాబాయ్ తడిగుడ్డ తెచ్చి పదమూడు గీతలూ తుడిచేశాడు. ఇలా తుడవడం మూడోసారి. మొదటిసారి తొమ్మిదో రోజున, తర్వాత పదకొండో రోజున, ఇప్పుడు పదమూడో రోజున. ఏదో తనమీద పగబట్టినట్టు, నోటి దాకా వచ్చిన ముద్ద లాక్కున్నట్టు.

వరసగా పద్నాలుగు రోజులు వీధిలో కొత్త కేసు రాకపోతే, రెండు చివర్లా కట్టిన కర్రలు విప్పేస్తారు. షాపులు తెరుచుకోవచ్చు. మధ్యలో ఒక్క కేసు వచ్చిందా, లెక్క మళ్ళీ ఒకటి నుంచి.

బాబాయ్ షాపు తండ్రి నాటిది. ముప్పయ్యేళ్ళుగా జ్వరమొచ్చినా షట్టరు దించని మనిషి. ఆ గది సొంతదారు ఫోన్లో తేల్చి చెప్పేశాడు, ఒకటో తారీకు కల్లా తెరవకపోతే మాస్కులమ్మేవాడికి ఇచ్చేస్తానని. ఒకటో తారీకుకి ఇంకా పదిహేను రోజులుంది. అంటే ఇంకొక్క కేసు వస్తే షాపు పోయినట్టే.

"ఈసారి ఎవరికట?" అంది బాబాయ్ భార్య.

"బస్సు డ్రైవరుకి," అన్నాడు బాబాయ్ పళ్ళు కొరుకుతూ.

అదీ అతని కడుపుమంట. అయిదు రోజుల కిందటే డ్రైవరు ఇంటికి వెళ్ళి, గడ్డం పట్టుకుని మరీ బతిమాలాడు, గడప దాటొద్దని. డ్రైవరు కళ్ళు మూసుకుని, నోరు మెదపకుండా అంతా విన్నాడు. విన్నవాడు విన్నట్టుండక ఎక్కడ తిరిగాడో ఏమో.

అంతకు ముందు ఫోటో స్టూడియో ఆయనదీ అదే వరస. అంకెలన్నీ ఆఫీసుల్లో కూర్చుని వండుతున్నారని, రోగమూ లేదు రొష్టూ లేదని వాదించేవాడు. చెవి వంచి మరీ చెప్పాడు బాబాయ్, కాస్త జాగ్రత్తగా ఉండవయ్యా అని. వారం తిరక్కుండా అంబులెన్సు ఎక్కాడు. ఎక్కుతూ కూడా, నన్ను కలిపితే ఇవాళ్టి లెక్క ఒకటి ఎక్కువ చూపిస్తున్నట్టే అన్నాడట.

తర్వాత టైలరు. అతనిది తిరకాసు వాదన. అసలు లెక్క దీనికి పదిరెట్లని, దాచేస్తున్నారని. పదిరెట్లని నమ్మినవాడికీ వచ్చింది, ఒక్కటీ లేదన్నవాడికీ వచ్చింది. మిగిలినవాళ్ళు పక్క వీధి మీద పడ్డారు. పక్క వీధివాళ్ళు వీళ్ళ మీద పడ్డారు. కర్రలకి అటూ ఇటూ నిలబడి, నోటికి గుడ్డలు కట్టుకునే తిట్టుకున్నారు. ఎవరు ఏమన్నారో సగం తెలియక బతికిపోయారు.

బాబాయ్ ముక్కుకి గుడ్డ బిగించి బయల్దేరాడు.

"ఇంట్లో కూర్చోమని మైకు మొత్తుకుంటుంటే కాలుగాలిన పిల్లిలా ఈ తిరుగుడేమిటి?" అంది భార్య.

"నన్ను నమ్ముకున్న మనుషులే వాళ్ళంతా. వాళ్ళని నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారు?"

ముందు వాకిలిగుండా పోతే పోలీసు లాఠీ ఊరుకోదు. అందుకని పెరళ్ళవెంట, గోడలు దాటుకుంటూ లెక్కల మాస్టారి ఇల్లు చేరాడు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగాడు. ఆ మాత్రం శుభ్రం అతనికెప్పుడూ ఉంది.

మాస్టారు పెరట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బడిలో ఎంత పెద్ద అధికారి వచ్చినా తల వంచని మనిషి, ఆ పూట బాబాయ్ ఎదట బుద్ధిగా తల వంచుకుని కూర్చున్నాడు. అందరి తరఫునా తనే తప్పు చేసినట్టు.

"ఒకడి నుంచి ఇద్దరికి, ఇద్దరి నుంచి నలుగురికి. ఇందులో పెద్ద లెక్కేం లేదోయ్," అన్నాడు. "ఆ మొదటి ఒక్కడూ ఎవడన్నదే తేలాలి."

"వాడు నాకు దొరకాలి గానీ, గుండు గీసి ఊరేగిస్తా."

మాస్టారి నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టు కూడా వేశాడు.

సాయంత్రం బాబాయ్ ఇంటికి నర్సమ్మ వచ్చింది, పొద్దుట్నుంచీ నిలబడి కాళ్ళు వాచిపోయిన మనిషి. అరుగు కింద దూరంగా నిలబడి కాగితాలు తిరగేసింది. ఈ వీధి సంగతి ఆస్పత్రిలో ఎవరికీ అంతుపట్టడం లేదంది. మొట్టమొదటాయన ప్రయాణంలో తెచ్చాడు, సరే. తర్వాతి ముగ్గురూ ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఒకే కొట్టుకి వెళ్ళలేదు. మూడిళ్ళలోనూ ముందు మగవాళ్ళకే వచ్చింది. ఎవరి ద్వారా వచ్చిందని అడిగితే ముగ్గురూ నేలచూపులే.

"మీరు అందరికీ కావలసినవాళ్ళు బాబాయ్. ఏమైనా తెలిస్తే దాచకండి."

"దాస్తానా తల్లీ? అందరికంటే ఎక్కువ మునిగేది నేనే గదా," అన్నాడు బాబాయ్. నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నర్సమ్మ కాగితాలు మడిచి రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగింది.

"మీ సెలూన్ మూసి నెల దాటింది గదా బాబాయ్, మరి మా ఆస్పత్రికొచ్చిన ఆ ముగ్గురికీ గడ్డాలూ క్రాపులూ అంత నున్నగా చేసిందెవరు?"