కాపడం

టైగర్ మెట్టు దిగబోయి జారి, వెనక కాళ్ల మీద కూలబడింది.

షాలిని లేవదీయబోతే గుర్రుమంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని అలాగే నిలబడింది. కోపం రాలేదు. జాలీ కలగలేదు. భర్త పాల్ పోయినప్పటి నుంచి ఏదీ ఆమెను గట్టిగా తాకడం లేదు.

కుక్క పాల్‌ది. అతను కరెంటు ఆఫీసులో లైన్‌మేన్. తిత్లీ తుపానప్పుడు పడిపోయిన స్తంభాలు నిలబెట్టడానికి పలాస వైపు వెళ్లి, వస్తూ వస్తూ దాన్ని ఆమదాలవలస తెచ్చాడు. ఇప్పుడు అతను లేడు. కుక్క మిగిలింది.

పశువుల డాక్టరు చూసి చెప్పాడు.

"కీళ్లు అరిగిపోయాయమ్మా. బరువు తగ్గించండి. టైల్స్ మీద జారకుండా గోనెలు పరవండి. కాళ్లకు కాపడం పెట్టండి."

"ఒళ్లంతా గోక్కుంటోంది."

"పిడుదులు పట్టాయి. మందు రాసి, ఈ షాంపూతో కడిగి, ఒళ్లు పూర్తిగా ఆరేలా తుడవండి. నొప్పికి నేనిచ్చిన మాత్రే వెయ్యాలి. మనం వేసుకునేవి వేస్తే ప్రాణం మీదకొస్తుంది."

మందులు తెచ్చింది. వాకిట్లో రాయబోతే కుక్క దగ్గరకు రానివ్వలేదు.

గేటు అవతల సైకిలు ఆగింది. ఖాకీ చొక్కా తొడుక్కున్న ముసలాయన.

"తల నాను అట్టుకుంటానమ్మా. నువ్వు మందు రాసీయ్."

"కరుస్తుంది."

"కరిస్తే ఏటయిపోతాది."

టైగర్ అతని అరచేతిని చాలాసేపు వాసన చూసింది. తర్వాత పక్కకు ఒరిగి పడుకుంది. చేతికి చేపల వాసన ఉందేమో అనుకుంది షాలిని.

మర్నాడు మళ్లీ వచ్చాడు. రైసుమిల్లులో రాత్రి కాపలా దిగి ఇంటికి పోతూ ఆగేవాడు. ఆమె పేరు అడగలేదు, అతను చెప్పలేదు. వేడినీళ్లలో గుడ్డ ముంచి ఆమె పిండి ఇస్తే, కుక్క తుంటి మీద మెల్లగా ఒత్తేవాడు.

"రేత్రికి తిండేటమ్మా?" అడిగాడొక రోజు.

"తక్కువే పెట్టాను. డాక్టరు చెప్పినట్టే."

"కుక్క సంగతి కాదమ్మా. నువ్వు."

షాలిని గుడ్డను మళ్లీ వేడినీళ్లలో ముంచింది. కానీ రేపూ అడుగుతాడని ఆ పూట కుక్కర్ పెట్టింది.

"పప్పన్నం," అంది మర్నాడు.

"బాగున్నాదా?"

"ఉప్పు మర్చిపోయాను."

"రేపెయ్యి."

పక్కింటి పద్మకుమారి గోడ మీద నుంచి పిలిచింది.

"ఆ ముసిలోడెవుడే?"

"మిల్లు కాపలా ఆయన."

"ఎరిగున్నోడా?"

"కాదు."

"ఒంటరిదానివి. ముందు కుక్కని మచ్చిక సేసుకుంటన్నాడు. ఆనక ఇంట్లోకి రాడానికి ఆడికి అడ్డేటి?"

షాలిని ఆ మాట నమ్మలేదు. కాదని వాదించే ఓపికా లేదు. మర్నాడు పొద్దున గేటు తీయలేదు.

"రేపట్నుంచి నేనే చూసుకుంటాను తాతా. మీరు రావద్దు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు.

"నీ సేత్తో మాత్ర మింగుతన్నాదా?"

"మింగుతోంది."

"నువ్వు తింతన్నావు కదా?"

"తింటున్నాను."

"సరేనమ్మా."

కమ్మీల సందులోంచి చెయ్యి దూర్చి కుక్క చెవి నిమిరాడు. సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఎండ ఎక్కేదాకా టైగర్ గేటు దగ్గరే పడుకుంది.

ఆ తర్వాత అన్నీ షాలినే చేసింది. గోనెలు పరిచింది, కాపడం పెట్టింది, కాలివేళ్ల సందుల్లో తడి తుడిచింది. కుక్కను వదిలి ఎక్కడికీ వెళ్లడానికి లేదు కాబట్టి వేళకు లేచింది, వేళకు వండింది. గోకుడు తగ్గింది. వీపు మీద ఊడిన చోట బొచ్చు మొలిచింది. వంటింట్లో కుక్కతో మాట్లాడుతున్న సంగతి ఒకనాడు ఆమెకే తెలిసి, ఆగిపోయింది. మళ్లీ మాట్లాడింది.

చలికాలం పోయాక ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఒక ముసలామె కనిపించింది.

"నాను అప్పలమ్మని. సోములు ఇంటిదాన్ని."

"సోములంటే?"

"మిల్లు కాపలాదారు. మీ కుక్కకి కాపడం పెట్టీవోడు."

"ఆయన బాగున్నారా?"

"నిమ్ము సేసి పోయాడమ్మా. దినాలయిపోనాయి. మా ఊరెల్లిపోతన్నాను. ఓపాలి దీన్ని సూసి పోదారని వచ్చినాను."

షాలిని గేటు తీసింది.

"గున్నా," అని పిలిచింది అప్పలమ్మ, మెల్లగా.

గోనె మీద నిద్రపోతున్న టైగర్ చటుక్కున తలెత్తింది. నొప్పి కాళ్లతోనే మెట్టు దిగి, ఒళ్లంతా ఊపుకుంటూ వచ్చి, కింద కూర్చున్న ఆమె ఒళ్లో తల పెట్టింది.

"దీని పేరు టైగర్ కదా. గున్నా అంటే ఎలా వచ్చింది?"

"ఆ పేరు నానే పెట్టినానమ్మా. పలాస కాడ మా జీడితోటలో పుట్టినాది. తుపానుకి తోట పోనాది, ఇల్లు పోనాది, ఇది అగుపడ్నేదు. బతుకుతెరువుకని ఈ ఊరొచ్చీసినాం. మీ గేట్లో దీన్ని సూసిన పొద్దున ఆయన కాలు నేల మీద నిలవనేదు."

షాలిని వచ్చి వాళ్ల పక్కన కూర్చుంది.

"ఆయన నాకు చెప్పలేదు. మీ కుక్కను మీరు తీసుకెళ్లండి."

అప్పలమ్మ తల అడ్డంగా ఊపింది. కుక్క మెడ నిమురుతూనే చెప్పింది.

"రెండో రోజు తాడిచ్చి, దాన్ని తోలుకురమ్మని నానే అంపినానమ్మా; ఉత్త సేతుల్తో వచ్చీసి, 'కుక్క కన్నా ఆ యమ్మకే ఎక్కువ బాగునేదే, అదక్కడే ఉండాల' అన్నాడు."