బల్ల మీద టోపీ

పైలట్‌ని పరీక్షించినంత నిశితంగా పెళ్ళికొడుకుని చూస్తే సగం పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. ఆ వైద్య పరీక్ష గది బయట బల్ల మీద, దరఖాస్తు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు కెప్టెన్‌గారి అబ్బాయి.

“ఇదివరకు ఏ డాక్టర్లకి చూపించుకున్నావని అడిగారు నాన్నా. మానసిక వైద్యుడి సంగతి రాస్తే నా పైలట్ ఉద్యోగం గోవిందా. దాచి, దొరికిపోతే జన్మలో ఎగరనివ్వరు.”

పైలట్ యూనిఫాంలో పక్కనే కూర్చున్న తండ్రి దరఖాస్తు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“రాసేస్తాలే. బస్సయినా నడుపుకుంటాను. నువ్వు మాత్రం నోరు విప్పకు.”

తండ్రి టోపీ తీసి బల్ల మీద పెట్టి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

“డాక్టరుగారూ, వాడికి ఏ జబ్బూ లేదు. నా దిగులు వాడిదన్నట్టు మానసిక వైద్యుడికి వాడి నోట చెప్పించి, వాడి పేరున మందులు తెప్పించుకుని మింగింది నేను. సాయంత్రం నా విమానానికి ఇంకొకర్ని చూడమనండి.”