ట్యాంకు మీద కాపుదల

ఏది దేవుడి పనో, ఏది సాతాను పనో చూడగానే చెప్పగలనని ఛాతీ విరుచుకునే విశ్వాసీ, నీ బండి బ్రేకు నొక్కి చూసి ఎన్నాళ్లయింది?

ఒక సువార్తికుడు తన బైకు ట్యాంకు మీద "నాకు కాపుదల దేవుడే" అని రాయించాడు. వారం తిరక్కుండానే రంగు పొక్కి "దేవుడే" రాలిపోయింది. మళ్లీ రాయిస్తే మళ్లీ రాలింది. ఇది సాతాను పనేనని, అక్షరాలు నిలవాలని ఉపవాసముండి ప్రార్థించాడు. అయినా రాలిపోయాయి.

చివరికి బోర్డులు రాసే బావమరిది మీద మండిపడ్డాడు.

"నమ్మకం లేని చేత్తో రాస్తే నిలుస్తుందట్రా? రేపు మీ అక్కనీ పాపనీ ఎక్కించుకుని కొండ దిగాలి. ఈసారైనా సరిగ్గా రాయి!"

"నా నమ్మకం సంగతి సరే బావా, నా రంగు జడివానకే జంకదు. పైనుంచి ఏదో కారుతోంది."

హ్యాండిల్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బీ కింద బావమరిది తన అక్క పౌడరు చల్లి, బ్రేకు నొక్కాడు. లీవరు మెత్తగా పిడి దాకా వచ్చేసింది. పౌడరు మీద తడి చార దిగింది. లోపలి రబ్బరు అరిగి, ఆయిలు చుక్కచుక్కగా ట్యాంకు మీద పడి రంగును తినేస్తోంది.

సాయంత్రానికి రబ్బర్లు మార్చి, కొత్త ఆయిలు పోసి, బ్రేకు గొట్టంలోని గాలి తీసేశాక బ్రేకు గట్టిపడింది.

"ఇప్పుడు రాయమంటావా బావా? సాతాను వెళ్లిపోయాడు" అన్నాడు బావమరిది, కుంచె ముంచుతూ.

సువార్తికుడికి చంపబోయే దూతను చూసి దారిలో ఆగి తన ప్రాణం కాపాడిన గాడిదనే కొట్టిన బైబిలు ప్రవక్త గుర్తొచ్చాడు. తన ప్రార్థనే ఫలించి ఉంటే, ఆ అక్షరాలతో సహా ముగ్గురూ రేపు లోయలో ఉండేవారు.

చెరిపింది ఎవరో తెలిసిందా? అయితే రేపనకు. లే, ఈరోజే వెళ్లి బ్రేకు నొక్కి చూడు!