ఏడ్చిందా?

ఫోన్ మోగేసరికి రాంప్రసాద్ పంతులు కుడిచేయి పెరుగన్నంలో ఉంది. ఎడమచేత్తో ఫోన్ ఎత్తి, స్పీకర్‌లో పెట్టి, కంచం పక్కన నేల మీద ఉంచాడు.

"అయ్యగారూ, నేను ఎస్తేరును. హనుమకొండల నర్సును. శేఖర్ దగ్గర మీ నంబర్ తీసుకున్న. జర మీరే కాపాడాలె."

ఆమె గబగబా చెప్పుకుపోయింది. పరకాల శేఖర్ భార్య దీపను ప్రసవానికి తీసుకొచ్చారు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతోంది. ఉన్నపళంగా పెద్దాపరేషన్ చేయాలి. ఇంటివాళ్లేమో సంతకం పెట్టడం లేదు. వాళ్లు పెట్టించుకున్న ముహూర్తం పన్నెండు ఇరవై నాలుగుకు.

రాంప్రసాద్ గోడ గడియారం చూశాడు. పదీ ముప్పై అయిదు.

"గుండె ఎంత కొట్టుకుంటోందమ్మా?"

"తొంభై. నడుమ నడుమ ఎనభైకి పోతాంది."

"ఉమ్మనీరు పచ్చగా ఉందా?"

ఎస్తేరు ఒక్క క్షణం తడబడింది. పంతుళ్లు అడిగే ప్రశ్న కాదది. "అవు అయ్యగారూ, పచ్చగనే ఉంది."

నిజానికి ఆ ముహూర్తం ఆయన పెట్టింది కాదు. పెళ్లిళ్లకు పెడతాడు, గృహప్రవేశాలకు పెడతాడు, పురుళ్లకు మాత్రం పెట్టడు. నెల కిందట శేఖర్ తల్లి మొగిలమ్మ వచ్చి అడిగితే, "అది డాక్టరమ్మ చెప్పాలి" అని పంపేశాడు. మొగిలమ్మకు ఒళ్లు మండింది. "పంచాంగం మీద నమ్మకం లేనోడు పంతులెట్లయిండు?" అని ఆయన వాకిట్లోనే కడిగేసి, హైదరాబాదులో టీవీలో కనబడే సిద్ధాంతిని పట్టుకుంది. ఆ మహానుభావుడు ఇప్పుడు హోమంలో ఉన్నాడట. ఫోన్ ఎత్తడట.

"అమ్మలూ, ఆ అను," అన్నాడు రాంప్రసాద్.

ఎదురుగా కూర్చున్న శ్రావణి ఫోన్ వంక చూసి నవ్వింది. నోట్లో ముద్ద సగం గడ్డం మీదికి జారింది. ఆయన తుడిచాడు. పొద్దున్నే సంధ్య వార్చేటప్పుడు ఆయన మనసు ఎటెటో పోతుంది. ఈ ముద్దలు పెట్టేటప్పుడు మాత్రం ఎటూ పోదు. ఆయనకు మిగిలిన పూజ ఇదొక్కటే.

"ఆ పెద్దమ్మకు ఫోనియ్యి తల్లీ."

మొగిలమ్మ వస్తూనే అందుకుంది. "ఏంది అయ్యగారూ? అప్పుడు పెట్టనంటిరి. ఇప్పుడేం చెప్తరు? ఇయ్యాల శుక్రారం. పదిన్నర నుంచి రాహుకాలం నడుస్తాంది. గీ గడియల పుట్టిన పోరని బతుకేం గావాలె?"

ఆమె తప్పు చెప్పలేదు. రాహుకాలమే కాదు, వర్జ్యం కూడా ఉంది. ఇంతకన్నా చెడ్డ గడియ ఈ వారంలోనే లేదని ఆయనకు తెలుసు. పంచాంగం మీద ముప్పై ఏళ్లలో ఒక్క అబద్ధం ఆడలేదు. ఇప్పుడు నిజం చెబితే ఒక బిడ్డ పోతుంది.

పక్కనున్న న్యూస్ పేపర్ ఎడమచేత్తో లాక్కుని, ఫోన్ దగ్గర పేజీలు చరచరా తిప్పాడు.

"రాహుకాలం పని మొదలుపెట్టడానికి చూస్తారమ్మా. మీ మనవడు పుట్టే పని తొమ్మిది నెలల కిందటే మొదలుపెట్టాడు. పదకొండు లోపల బయటికొస్తే రాజయోగం."

"పదకొండు దాటితే?"

"నాయనమ్మకు గండం."

"ఎవలికీ?"

"నాయనమ్మంటే మీరే కదమ్మా."

వెంటనే అవతల మొగిలమ్మ కేక వినిపించింది. "ఓ శేఖరూ! ఏం చూస్తానవ్‌రా, పెట్టు సంతకం!"

ఫోన్ కట్టయింది.

శ్రావణికి ఒక్కో ముద్ద మింగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ సందులో ఆయన గడియారం చూస్తూ కూర్చున్నాడు. పదీ యాభై. పదీ యాభై అయిదు. సంతకం పెట్టారా? ఆలస్యమైపోయిందా? 'దేవుడా' అనబోయి ఆగిపోయాడు. ఏ దేవుణ్ణి అడగాలి? రాహుకాలంలో బిడ్డను పుట్టించొద్దనే దేవుణ్ణా, పుట్టించమని తనతో అబద్ధమాడించిన దేవుణ్ణా? చేతిలో అన్నం ఎండిపోతోంది.

పదకొండూ పదికి ఫోన్ మోగింది.

"అయ్యగారూ! పదీ యాభై ఏడుకు తీసిండ్లు. ఆడపి..."

"ఏడ్చిందా?"

"ఆఁ?"

"పుట్టగానే ఏడ్చిందా అమ్మా?"

"ఏడ్చుడా! దవాఖాన లేసిపోయేటట్టు ఏడుస్తాంది. ఇగో, మీరే వినుండ్లి."

కొత్త గొంతు ఒకటి ఇల్లంతా నిండిపోయింది. రాంప్రసాద్ కళ్లు మూసుకుని విన్నాడు. ముప్పై ఏళ్లుగా వల్లించిన ఏ మంత్రాన్నీ అంత శ్రద్ధగా వినలేదు. కళ్లు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి.

"మా ప్రభువే మీ నోట్లె కూసున్నడు అయ్యగారూ," అంది ఎస్తేరు.

"ఎవరు కూర్చున్నా సరేనమ్మా. బిడ్డ ఏడ్చింది, చాలు."

ఫోన్ పెట్టేశాడు. శ్రావణి ఇంకా నోరు తెరిచే ఉంది.

ఇరవై మూడేళ్ల కిందట, డాక్టరమ్మ ఎంత తొందర పెట్టినా ఆపరేషన్ ఆపించి తానే పెట్టిన ముహూర్తానికి, నిమిషం తప్పకుండా, ఏడవకుండా పుట్టిన తన కూతురి మూతి తుడిచి, రాంప్రసాద్ ఇంకో ముద్ద కలిపాడు.