పెద్దమనుషులు అడిగింది

హాజీ ముత్లక్ కాఫీ కప్పు అందుకున్నాడు. పెదవికి తగిలించకుండానే ముందున్న తివాచీ మీద పెట్టేశాడు. వెంట వచ్చిన ఎనిమిది మంది ముసలాళ్ళూ తలలు దించుకున్నారు.

వంటింటి తలుపు సందులోంచి చూస్తున్న మైసూన్‌కి గుండె జారిపోయింది. కెరక్ ఊళ్ళో పెద్దమనుషులు అలా కాఫీ కింద పెట్టారంటే ఏదో అడగడానికి వచ్చారన్నమాటే. అడిగింది ఇస్తామనేదాకా ముట్టరు. ముట్టకుండా లేచిపోయారా, ఆ ఇంటివాళ్ళు ఇక ఊళ్ళో తలెత్తుకు తిరగలేరు.

"నీ నవల గురించే," అత్తగారు ఉమ్మ్ నాయిఫ్ చెవిలో గొణిగింది. "చెప్పానా లేదా? ఊరు మన మీద పడుతుందని చెప్పానా లేదా?"

"ఎవరి పేరూ రాయలేదత్తయ్యా. అంతా కల్పించిందే."

"కల్పిస్తే కల్పించావు. కాస్త దూరంగా ఉన్న ఊరు చూసుకుని కల్పించకపోయావా?"

మైసూన్ నవల గురువారం గురువారం అమ్మాన్ వారపత్రికలో వస్తోంది. ఒక కుర్రాడు లారీ వెనక్కి తీస్తూ అయిదేళ్ళ పిల్లాణ్ణి గుద్దేస్తాడు, పిల్లాడు పోతాడు. పిల్లాడి తండ్రి ముందు ఊరి పెద్దలు ఇలాగే కాఫీ కింద పెట్టి, ఆ కుర్రాణ్ణి క్షమించమని కూర్చుంటారు. పోయిన వారం కథ అక్కడ ఆగింది. తండ్రి క్షమించడు, లారీ కుర్రాడి ఇంటిల్లిపాదీ ఊరొదిలి పోతారు. ఆ చివరి భాగం రాసి పెట్టింది, రేపు పంపాలి. మొదటి నవలప్పుడు కూడా ఎవరో పెద్దలు వచ్చి ఆపమని అడిగితే మామగారు సరేననేశాడు. ఆ నవల అచ్చు కాలేదు, ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె కలం పట్టలేదు. ఇదీ పోతే ఇక ఈ జన్మకి రాయలేనని ఆమెకు తెలుసు.

మామగారు అబూ నాయిఫ్ మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆఖరి కూతురికి సంబంధం వచ్చిందనుకున్నాడు పాపం.

"కాఫీ తాగండి హాజీ. మీరొచ్చిన పని అయిపోయిందనుకోండి," అన్నాడు.

అడగకుండానే ఇచ్చేశాడు! మైసూన్ ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గరికి జరిగింది.

"ముందు విను అబూ నాయిఫ్. మేం వచ్చింది నీ కూతురి కోసం కాదు. నీ కోడలితో పని."

"కోడలితోనా? ఏం చేసింది?"

"రాస్తోందిగా."

"ఓస్, అదా? ఆపేస్తుంది. మాటిచ్చేశానుగా," అన్నాడు మామగారు. సంబంధం కాదని తెలిసి గొంతు నీరసపడింది.

ఇక నిలవలేకపోయింది మైసూన్. పళ్ళెం అత్తగారి చేతిలో పెట్టి, ఆవిడ చెయ్యి పట్టి లాగుతున్నా విదిలించుకుని పెద్దలున్న గదిలోకి వచ్చేసింది.

"మాటిచ్చింది మీరు మామయ్యా. రాస్తున్నది నేను," అంది. హాజీ వైపు తిరిగింది. "నవల ఆపను హాజీ గారూ. ఎవరు అడిగినా ఆపను."

హాజీ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆపమని ఎవరన్నారు? ఆపితే వీళ్ళు నన్ను బతకనిస్తారా? గురువారం గురువారం మంగలి షాపులో కూర్చుని చదివించుకుంటున్నాం. ఇదిగో, వీడు పోయిన వారం ఏడ్చి, గడ్డం పని సగంలో ఆపించాడు."

"సబ్బు కళ్ళలో పడింది," అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన.

మైసూన్‌కి ఊపిరి ఆడింది గాని భయం వదల్లేదు. "అయితే ఊరి పేరు తీసేయాలా?"

"అక్కర్లేదు."

"మరేం కావాలి?"

హాజీ గొంతు తగ్గించాడు. "వచ్చే వారం ఆ తండ్రి కాదంటాడు కదూ?"

మైసూన్ ఉలిక్కిపడింది. ఆ భాగం ఆమె భర్తకు కూడా చూపించలేదు. "మీకెలా తెలుసు?"

"తెలుస్తుందిలే. వాడిచేత అవుననిపించు తల్లీ. మేం అడగడానికి వచ్చింది అదే."

ఇంత భయపెట్టింది దీనికా అని ఆమెకు ఒళ్ళు మండింది. మామగారు కళ్ళతోనే బతిమాలుతున్నాడు, ఒప్పుకోవే అని. ఆమె అటు చూడలేదు.

"కుదరదు హాజీ గారూ. కన్నకొడుకు పోయి నలభై రోజులన్నా కాలేదు. అలాంటివాడు క్షమించానంటే కథ అబద్ధమైపోతుంది, ఒక్కరూ నమ్మరు. ఆ చోట ఏ తండ్రి ఉన్నా కాదనే అంటాడు. అయినా నేను కల్పించిన మనిషి వాడు. అవునన్నా కాదన్నా మీకు పోయేదేముంది?"

హాజీ కింద పెట్టిన కాఫీ కప్పు వైపు చూశాడు. పక్కనున్నాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నేనూ కాదనే అన్నాను తల్లీ, ముప్పై ఏళ్ళ కింద. ఇప్పుడు అవునందామంటే, వినడానికి ఊరొదిలి పోయినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు."