ఆవగింజ చుట్టూ అత్తయ్య

"ఖాళీ బల్ల పెట్టి పరమాణువంటావేంటమ్మా?" కళ్లజోడు సవరించుకుంటూ అడిగారు జడ్జి గారు.

"ఖాళీ కాదు సార్. మధ్యలో ఆవగింజ చూడండి. అదే కేంద్రకం," అంది తొమ్మిదో తరగతి అమ్మాయి.

సైన్సు ప్రదర్శనలో మిగతా బల్లల మీద రంగు బంతులు, వాటి చుట్టూ తీగలు. చూడముచ్చటగానే ఉన్నాయి, కానీ తప్పు. కేంద్రకం బంతంత ఉంటే ఎలక్ట్రాన్ ఊరవతల ఉండాలి. పేజీలో పట్టదు కాబట్టి పుస్తకంలో బొమ్మ అలా వేశారని నెత్తీ నోరూ మొత్తుకున్నా ఆమె మాట ఎవరూ వినలేదు. ఇవాళ మొదటి బహుమతి వస్తేనే పెద్ద పోటీకి వెళ్లగలదు. అయినా పట్టిన పట్టు విడవలేదు.

"మరి ఎలక్ట్రాన్ ఏదీ?"

"బడి గోడ అవతల సార్. కుళాయి దగ్గర మా అత్తయ్యను ఎర్ర గొడుగిచ్చి నిలబెట్టాను. ఇది హైడ్రోజన్ కదా, ఒక్కతే చాలు. రండి, చూపిస్తాను."

"ఈ ఎండలోనా?"

"మధ్యలో అంతా ఖాళీయేనని నడిస్తేనే తెలుస్తుంది సార్."

జడ్జి గారు నిట్టూర్చి బయల్దేరారు. మైదానం దాటారు, గేటు దాటారు. కుళాయి దగ్గర ఎవరూ లేరు.

అమ్మాయి నాలుక్కరుచుకుంది. అత్తయ్య కాలు ఒకచోట నిలవదని తెలిసి కూడా నమ్మింది. తన బుద్ధి గడ్డి తింది.

"ఎర్ర గొడుగావిడా? ఇప్పుడే ఇక్కడుందే! బేరమాడి, కొనకుండా పోయింది," అన్నాడు పళ్లబండి అతను.

వెనక గేటు వైపు పరుగెత్తారు. "ఇందాకే నాతో కబుర్లాడింది. అటెళ్లిందో, ఇటెళ్లిందో," అంది టైలరమ్మ.

గోడ చుట్టూ తిరిగారు. చూడనివాళ్లు లేరు, ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లూ లేరు. కాలుగాలిన పిల్లుల్లా తిరిగి తిరిగి ఇద్దరూ మళ్లీ కుళాయి దగ్గరే తేలారు. జడ్జి గారి చొక్కా చెమటతో తడిసిపోయింది.

అమ్మాయి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ రోడ్డంతా చూసింది.

"ఇంకొక్క చుట్టు వెతుకుదాం సార్. ఈ చుట్టుపక్కలే ఉంటుంది. ఎక్కడో కచ్చితంగా చెప్పలేను, అంతే."

జడ్జి గారు ఠక్కున ఆగి ఆమెను తేరిపార చూశారు. పకపకా నవ్వారు.

"ఎలక్ట్రాన్ గురించి ఎవరైనా చెప్పగలిగేది అంతేనమ్మా! మొదటి బహుమతి నీదే. మీ అత్తయ్య గనక ఇక్కడే కదలకుండా నిలబడి ఉంటే, రెండోది ఇచ్చేవాణ్ణి."