కణుపుకు మూడు పూలు

కణుపుకు మూడు పూలు. మళ్ళీ లెక్కపెట్టింది సలోమి. మూడే.

పక్క మొక్క చూసింది. అక్కడా అంతే. ఈ చేలో ఉండాల్సింది తేజ మిరప.

తేజ మిరపకు కణుపుకు ఒక్కటే తెల్లటి పువ్వు. ఇలా గుత్తిగా, లేతాకుపచ్చ చాయతో పూసేది నాగ మిరప. రెండూ మిరపలే, జాతులే వేరు. నారుగా ఉన్నప్పుడు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. పూతకొస్తేగానీ తేడా బయటపడదు.

సలోమి పనిచేసేది రాజుపాలెంలో, మహేష్ నర్సరీలో. రెండు నెలల కిందట ఆమె నీళ్ళు కొడుతుంటే, పక్కపక్కనే ఉన్న రెండు వరసల ట్రేల చీటీలు ఊడిపడ్డాయి. ఎవరూ చూడలేదు. గుర్తున్నంతలో మళ్ళీ గుచ్చింది. తేజ ఇటు, నాగ అటు.

మర్నాడు కౌలురైతు ఆదిలక్ష్మమ్మ వచ్చి తేజ నారు తీసుకెళ్ళింది. నాగ నారు ముప్పాళ్ళ రైతుకు వెళ్ళింది. ఆయన ముందే మాట్లాడుకుని, చేను మీద నీడకు వల పందిరి కూడా వేయించాడు. నాగ కాయల ధర విని ఇంకెంతమంది బతిమాలినా మహేష్ ఒక్క మొక్క ఇవ్వలేదు.

నిన్న ఆ రైతు నర్సరీకొచ్చి కేకలేశాడు. తన పందిట్లో అన్నీ తేజ పూలేనట.

మహేష్ విత్తనాలమ్మినవాణ్ణి తిట్టాడు. సలోమికి ఊడిపడ్డ చీటీలు గుర్తొచ్చాయి. తెల్లారగానే ఆదిలక్ష్మమ్మ చేలోకి పరుగెత్తుకొచ్చింది.

నీడ లేని చేలో, ఈ ఎండకు నాగ పూత నిలవడం లేదు. సాళ్ళనిండా రాలిన పూలే. రెండెకరాల కౌలు. ఒంటరి మనిషి. ఇంత జరిగినా ఆదిలక్ష్మమ్మ నర్సరీకొచ్చి ఒక్క మాట అనలేదు. పైగా దారిలో కనిపిస్తే పిలిచి మజ్జిగ పోసేది. ఆ మంచితనమే సలోమిని కోసేస్తోంది.

“ఎవురది చేలో?”

“నేనే పెద్దమ్మా, సలోమిని.”

ఆదిలక్ష్మమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని వచ్చింది. “పొద్దుపొద్దున్నే నా చేలో ఏందే నీకు పని? మిరపపూలు కొప్పులో పెట్టుకుంటావా ఏంది?”

సలోమి ఆమె కాళ్ళు పట్టుకుంది. చీటీల సంగతంతా చెప్పేసింది.

“నీ చేను నాశనం చేశా పెద్దమ్మా. ఇప్పుడే పోయి మహేషన్నకు చెప్తా. నా పని పోయినా సరే, నీకు నష్టం కట్టిస్తా.”

“వద్దొద్దు! ఎవురికీ చెప్పమాక. పోయిందేదో పోయింది. లెయ్ ముందు.”

“నువ్వు చానా మంచిదానివి. అయినా నా మనసు ఒప్పుకోదు.”

సలోమి కళ్ళు తుడుచుకుని గట్టు వైపు నడిచింది. ఆదిలక్ష్మమ్మ వెనకే పరుగెత్తి ఆమె చెయ్యి ఒడిసి పట్టుకుంది.

“ఆగవే నా తల్లీ... నువ్వు సరిగ్గానే గుచ్చావు, ట్రేలు ఆటో ఎక్కించేముందు, ఆ నాగ ధరకు ఆశపడి చీటీలు మార్చింది నేనే!”